క్యారవాన్‌లో తాగునీళ్లు: ట్యాంకును ఎలా కడగాలి, దారిలో నీళ్లను ఎలా కాపాడుకోవాలి?

బండిలోనే పడక, వంట, స్నానం పెట్టుకుని ఊళ్లు తిరిగే కుటుంబాలు మా తిరుపతిలో కూడా బాగా పెరిగాయి. టెంపో ట్రావెలర్‌ను మార్పించి మంచాలు, గ్యాస్ స్టవ్వు, సింకు పెట్టించుకుంటారు. కింద ఒక నీళ్ల ట్యాంకు బిగిస్తారు. ఆ ట్యాంకు మూత విప్పి లోపలికి తొంగిచూసినవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఏడేళ్ల కిందట అద్దె బండి తీసుకుని అరుణాచలం బయల్దేరాం. బండి ఇచ్చినాయన "ట్యాంకు నిన్ననే కడిగించానన్నా, మీరేం టెన్షన్ పడొద్దు" అన్నాడు. నమ్మాం. మూడో రోజు తెల్లారేసరికి మా అక్క కూతురికి వాంతులు, విరేచనాలు. గిరిప్రదక్షిణ చేయాల్సినవాళ్లం సెలైన్ బాటిల్ పక్కన కూర్చున్నాం. తిరిగొచ్చాక నేనే మూత విప్పి చెయ్యి పెట్టి చూశాను. గోడలంతా జిగురు. గోటితో గీస్తే గంజి మీద కట్టిన మీగడలా పొర లేచి వేలికి చుట్టుకుంది. మేం పోసుకున్నవి తిరుపతి కుళాయి నీళ్లే, రోజూ ఇంట్లో తాగేవే. నీళ్లలో లోపం లేదు, ట్యాంకులో ఉంది. అప్పటినుంచి ఎవరి బండి అయినా సరే, ప్రయాణానికి ముందు ట్యాంకు నా చేతులతో కడిగితే తప్ప ఎక్కను.

కావలసినవి

తెల్ల బ్లీచింగ్ పౌడర్ లేదా సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, వంటింటి డిజిటల్ త్రాసు, రెండు ప్లాస్టిక్ బకెట్లు, పల్చటి నూలు గుడ్డ, రబ్బరు గ్లౌజులు, తాగునీళ్లకు పనికొచ్చే రకం పైపు, నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే చిన్న కిట్. పంచాయతీ సిబ్బంది దగ్గర ఉండే క్లోరోస్కోప్ లాంటిదే. మొక్కలకు పట్టే పచ్చ పైపు వద్దు. ఎండకు కాగితే అందులోంచి రబ్బరు వాసన నీళ్లలోకి దిగుతుంది.

ముందు ట్యాంకు ఖాళీ చేయండి

అడుగున ఉన్న కాక్ తెరిచి చివరి చుక్క దాకా వదిలేయండి. మూత విప్పి, చెయ్యి పట్టినంత మేరా మెత్తటి బ్రష్‌తో రుద్దండి. సబ్బు, డిష్‌వాష్ వాడొద్దు, ఎంత కడిగినా నురగ పోదు. రెండుసార్లు మంచి నీళ్లు పోసి వదిలేయండి. సింకు కింద ఫిల్టర్ ఉంటే అందులోని కార్ట్రిడ్జ్ ఇప్పుడే తీసి పక్కన పెట్టండి. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను మింగేస్తుంది, దాని తర్వాత ఉన్న కుళాయికి మందు చేరదు. గీజర్ ఉంటే దాని దారి మూసేయండి.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. తప్పులన్నీ దీని తర్వాత జరుగుతాయి.

క్లోరిన్ పట్టించడం

చాలామంది ఒక గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ తెచ్చి నేరుగా ట్యాంకులో చల్లి, పది నిమిషాలు ఆగి వదిలేస్తారు. దయచేసి అలా చేయొద్దు. పౌడర్‌లో సున్నం ఉంటుంది. అది కరగకుండా అడుగుకు చేరి, పంపులోకీ కుళాయి జాలీల్లోకీ వెళ్లి గడ్డకడుతుంది. గుప్పెడు అనేది కొలత కాదు. పది నిమిషాలు చాలవు.

ట్యాంకును శుద్ధి చేయడానికి లీటరు నీళ్లకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. అంటే 100 లీటర్ల ట్యాంకుకు 5 గ్రాముల క్లోరిన్. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ దాదాపు మూడో వంతు ఉంటుంది, కానీ మన షాపుల్లో నిలవున్న ప్యాకెట్లలో అంత మిగలదు. నేను 25 శాతమే ఉందనుకుని లెక్క వేస్తాను. అలా చూస్తే 100 లీటర్లకు 20 గ్రాములు. త్రాసులో తూచండి, చెంచాతో కొలవొద్దు. ద్రావణం వాడేవాళ్లు సీసా మీద ఎంత శాతమో చదవండి. 5 శాతం అయితే 100 లీటర్లకు 100 మిల్లీలీటర్లు, 10 శాతం అయితే 50 మిల్లీలీటర్లు. వాసన కలిపినవి, రంగు ఉన్నవి, బట్టలకూ నేలకూ అని రాసి ఉన్న సబ్బు కలిసిన రకాలు ముట్టుకోవద్దు.

ప్యాకెట్ విషయంలో ఒక మాట. మే నెలలో మా ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల గోడౌన్లో పడున్న బ్లీచింగ్ పౌడర్, విప్పి సగం వాడి రబ్బరు బ్యాండు వేసిన ప్యాకెట్, సత్తువ పోయి ఉత్త సున్నంలా మిగులుతాయి. తెరవగానే ముక్కుకు ఘాటు తగలాలి, పొడి పొడిగా రాలాలి. ఉండలు కట్టి చెమ్మగా ఉంటే పారేయండి. ప్రతి ప్రయాణానికీ కొత్త ప్యాకెట్ కొనాల్సిందే. దీంట్లో పొదుపు చూసుకునేంత డబ్బు లేదు.

ఇక కలపడం. ఇంట్లోపల, బండిలోపల కలపొద్దు, ఆరుబయట కలపండి. బకెట్లో ముందు సగానికి నీళ్లు పోసి, తర్వాత పౌడర్ వేయండి. పౌడర్ మీద నీళ్లు పోస్తే దుమ్ము లేచి కళ్లు మండుతాయి. కర్రతో బాగా కలిపి అరగంట కదపకుండా వదిలేయండి. సున్నం తెల్లగా అడుగుకు దిగుతుంది, పైన నీళ్లు తేటగా, కొంచెం పచ్చగా నిలుస్తాయి. ఆ తేటను మాత్రమే రెండో బకెట్లోకి గుడ్డలో వడగట్టండి. తేట వంచుతున్నప్పుడు బకెట్ అంచు దగ్గర తెల్లటి పొగలా అడుగు లేవడం కనిపిస్తుంది. అక్కడ ఆపేయండి. ఇంకో చెంబు వస్తుందని వంచితే సున్నం కూడా వస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త ఇంకోటుంది. టాయిలెట్ కడిగే యాసిడ్, వెనిగర్, నిమ్మ ఉప్పు, వీటిలో ఏ ఒక్కటీ బ్లీచింగ్‌తో కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మా వైపు బోరు నీళ్లకు ట్యాంకులో గార కడుతుంది కదా, దాన్ని వదిలించడానికి నిమ్మ ఉప్పు వాడేవాళ్లున్నారు. వాడుకోండి, కానీ వేరే రోజున. మూడుసార్లు కడిగాకే క్లోరిన్ దగ్గరికి రండి. యాసిడ్ పోసిన మగ్గును ఈ పనికి తేవొద్దు.

ట్యాంకును సగం నీళ్లతో నింపి ఈ తేటను పోసి, తర్వాత మూత అంచు దాకా నింపండి. పైగోడ కూడా తడవాలి, జిగురు అక్కడా పడుతుంది. ఇప్పుడు పంపు వేసి ఒక్కో కుళాయి తిప్పండి. సింకు, బాత్రూమ్, బయట కాళ్లు కడుక్కునే కుళాయి ఉంటే అదీ. ప్రతి కుళాయి దగ్గరా క్లోరిన్ వాసన ఘాటుగా వచ్చేదాకా వదిలి, అప్పుడు కట్టేయండి. ట్యాంకు ఒక్కటీ శుద్ధి అయ్యి, పైపుల్లో పాత నీళ్లు నిలిచి ఉంటే చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. కుళాయిలకు వదిలిన మేర ట్యాంకు తగ్గుతుంది, మళ్లీ పైదాకా నింపండి.

నాలుగు గంటలు అలాగే ఉంచండి. ఈలోగా బండిని ఒక రౌండు తిప్పుకు రండి. నేను అలిపిరి దాకా వెళ్లి వస్తాను, నీళ్లు ఊగి మూలలన్నీ తడుస్తాయి. నాలుగు గంటలయ్యాక కుళాయి తిప్పితే వాసన ఇంకా రావాలి. రాకపోతే లోపలి జిగురు క్లోరిన్‌ను మొత్తం తినేసిందని అర్థం, లేదా మీ పౌడర్ పాతది. మొదటినుంచి మళ్లీ చేయండి. స్టీలు ట్యాంకు అయితే రాత్రంతా ఉంచొద్దు, ఇంత గాఢమైన క్లోరిన్ స్టీలును తింటుంది.

ఈ నీళ్లను చెరువులోకీ కాలువలోకీ వదలొద్దు, చేపలు చస్తాయి. ఖాళీ నేల మీద వదలండి. తర్వాత మంచి నీళ్లతో నింపి, అన్ని కుళాయిలూ తిప్పి, ఖాళీ చేయండి. ఇది కనీసం రెండుసార్లు. చివర్లో కిట్‌తో చూస్తే కుళాయిలో వచ్చేది, మీరు పోసినది ఒకే రంగు చూపించాలి. అప్పుడు ఫిల్టర్‌లో కొత్త కార్ట్రిడ్జ్ పెట్టండి.

ఏ నీళ్లు నింపాలి?

ఇక్కడ చాలామందితో నాకు వాదన వస్తుంది. "ఆర్ఓ ప్లాంటు నీళ్లు పోస్తున్నాం అన్నా, ఇంకేం భయం" అంటారు. ఆర్ఓ నీళ్లలో సాధారణంగా క్లోరిన్ మిగలదు. 20 లీటర్ల క్యాన్‌లోంచి గ్లాసులోకి వంపుకుని తాగేందుకు బాగుంటాయి గానీ, ఎండలో నిలబడిన ట్యాంకులో రెండు మూడు రోజులుంటే వాటిని కాపాడేదేమీ ఉండదు. మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగేచోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. అందుకే నా ట్యాంకులో కుళాయి నీళ్లే పోస్తాను. వాసన వస్తుందని ముఖం చిట్లించేవాళ్లకు ఆ వాసనే రక్ష అని చెబుతాను.

టీడీఎస్ మీటరు చూపించి "120 ఉంది, సూపర్" అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మీటరు కరిగిన ఉప్పుల్ని కొలుస్తుంది. సూక్ష్మజీవులు లక్షల్లో ఉన్నా దానికి తెలియదు.

నింపేటప్పుడు మొదటి రెండు నిమిషాల నీళ్లు కింద వదిలేసి, తర్వాతే పైపును ట్యాంకులో పెట్టండి. పైపు కొన నేలకు తగలనివ్వొద్దు. టాయిలెట్ వైపు కడిగే పైపు వేరు, ఇది వేరు. నేను దీనికి పసుపు టేపు చుట్టి ఉంచుతాను.

తాగే నీళ్లు వేరే పెట్టండి

ఇంత కష్టపడి కడిగిన ట్యాంకు నీళ్లు కూడా నేను నేరుగా తాగను. అవి వంటకు, ముఖానికి, గిన్నెలకు. తాగడానికి కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము ఒకటి బండిలో ఉంటుంది. డ్రమ్ములో గ్లాసు ముంచే పద్ధతి పిల్లలకైనా పెద్దలకైనా లేదు. ఉదయం కాఫీకి స్టవ్వు వెలిగించినప్పుడే ఆ రోజుకు కావలసిన నీళ్లు కాచేస్తాం. అడుగున చిన్న బుడగలు రావడం కాదు, నీళ్లన్నీ పొర్లుతూ ఒక నిమిషం మరగాలి. హార్స్‌లీ హిల్స్ మీద నీళ్లు 100 డిగ్రీలకు ముందే మరుగుతాయి, ఎత్తు 1,200 మీటర్లు దాటుతుంది కాబట్టి. అయినా ఆ ఎత్తులో ఒక నిమిషం సరిపోతుంది.

కాచే వీలు లేని రోజుకు క్లోరిన్ బిళ్లలు ఉంచుకోండి. ఒక బిళ్ల ఎన్ని లీటర్లకో ప్యాకెట్ మీద ఉంటుంది, వేశాక అరగంట ఆగి తాగాలి. బురద నీళ్లలో బిళ్ల వేసి లాభం లేదు, మట్టే క్లోరిన్‌ను లాగేస్తుంది. ముందు పటికతోనో, మన అవ్వలు వాడిన ఇండుప గింజతోనో తేర్చి, వడగట్టి, అప్పుడు వేయండి. పటిక, ఇండుప గింజ బురదను దించుతాయి గానీ క్రిముల్ని చంపవు. వాటి పని అంతవరకే.

దారిలో

మదనపల్లె, పీలేరు వైపు వెళ్లేటప్పుడు కుళాయి నీళ్లు దొరక్కపోతే ఊరి బోరు దగ్గర ట్యాంకు నింపుకోవచ్చు, కానీ తాగడానికి పట్టుకోకండి. పడమటి మండలాల్లో కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార, ఎముకలకు నొప్పి. ఫ్లోరైడ్ కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. క్లోరిన్ దాన్నేమీ చేయలేదు. అక్కడ మాత్రం తాగడానికి ఆర్ఓ నీళ్లే మేలు.

తలకోనలో జలపాతం నీళ్లు అద్దంలా ఉంటాయి. మూలికల నీళ్లని దోసిలితో తాగిస్తారు. పైన కోతులు, అడవి జంతువులు, స్నానాలు చేసే మనుషులు, అందరూ అదే నీళ్లలో ఉన్నారు. తల తడుపుకోండి, తాగేది డ్రమ్ములోంచి తాగండి.

తిరుమలకు వెళ్లేవాళ్లు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కిందే వదిలేయాలి, కొండ మీదికి అనుమతి లేదు. స్టీలు, రాగి సీసాలు ఇంటినుంచే కడిగి తెచ్చుకోండి. పైన జలప్రసాదం కుళాయిల దగ్గర నింపుకోవచ్చు.

ఇంటికి చేరాక

అలసిపోయి దిగి, ట్యాంకులో సగం నీళ్లు వదిలేసి షెడ్డులో పెట్టేయకండి. జిగురు మొదలయ్యేది ఆ సగం నీళ్లలోనే. ఆ రోజే కాక్ తెరిచి, కుళాయిలన్నీ తిప్పి, పంపు ఆపి, ట్యాంకు మూతి మీద దోమతెర గుడ్డ కట్టి లోపల ఆరనివ్వండి. పైపును కూడా నీళ్లు లేకుండా విదిలించి రెండు కొనలకూ మూతలు బిగించండి. కాక్ తెరిచే ఉందని గుర్తుకు స్టీరింగుకు ఒక ఎర్ర గుడ్డ ముక్క కట్టి ఉంచండి. తర్వాతి ప్రయాణం నాడు అది చూడకుండా నింపితే, వంద లీటర్లూ షెడ్డు పాలవుతాయి.