ఫోన్లో తీసిన రైలు టికెట్ చెల్లలేదా? ముందు స్టేషన్ పేరు చూడండి

రాజమండ్రి కోటగుమ్మం దగ్గర నాకో చిన్న రీఛార్జి షాపు ఉంది. "టికెట్ ఉందండీ, అయినా ఫైన్ రాశారు" అంటూ ఫోన్ పట్టుకుని వచ్చేవాళ్లు నెలకు నలుగురైదుగురు తప్పరు. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నవాళ్లు, ఫోన్ ఆపి ఆన్ చేసినవాళ్లు, కస్టమర్ కేర్‌కి గంటసేపు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు గానీ, టికెట్ మీద ఎక్కడి నుంచి ఎక్కడికి అని రాసుందో చదువుకుని వచ్చినవాళ్లు ఒక్కరు కనబడలేదు. జనరల్ టికెట్‌కైనా సీజన్ పాస్‌కైనా నేను చెప్పేది అదే. యాప్ వేసుకోవడం, డబ్బు కట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. ఈ టికెట్లకి రైల్వే యాప్ మొన్నటిదాకా యూటీఎస్, 2025 జులైలో రైల్‌వన్ వచ్చింది. తెర మారింది, మనం చేసే తప్పులు మాత్రం అవే.

సమస్య: స్టేషన్లో నిలబడి టికెట్ తీస్తుంటే కుదరదంటోంది.

ప్లాట్‌ఫాం మీదో పట్టాల పక్కనో ఉంటే యాప్ పేపర్‌లెస్ టికెట్, అంటే కాగితం లేకుండా ఫోన్లోనే చూపించే టికెట్, ఇవ్వదు. టీటీఈని చూశాక అప్పటికప్పుడు కొనేవాళ్ల కోసం పెట్టిన అడ్డు అది. బయట రోడ్డు మీదికి వెళ్లి తీయండి, లేదంటే బుకింగ్ హాల్లో అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, అక్కడే వచ్చేస్తుంది. స్టేషన్‌కి మరీ దూరంలో ఉన్నామేమో అన్న టెన్షన్ ఇప్పుడు అక్కర్లేదు, ఆ బయటి హద్దు 2024లో తీసేశారు. అమలాపురంలో ఇంట్లో కూర్చుని కూడా రాజమండ్రి నుంచి టికెట్ తీయొచ్చు. తీయొచ్చు గానీ తీయకండి, ఎందుకంటే 200 కిలోమీటర్ల లోపు టికెట్‌కి గడువు మూడు గంటలు, లేదా ఆ వైపు మొదటి రైలు వెళ్లేదాకా. రావులపాలెం దగ్గర బస్సు ఇరుక్కుంటే ఆ గడువు కాస్తా రోడ్డు మీదే అయిపోతుంది. వేమగిరి దాటాక తీసుకున్నా సరిపోతుంది.

సమస్య: డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు.

ముందు బుకింగ్ హిస్టరీ చూడండి, సగం సార్లు టికెట్ అక్కడే ఉంటుంది. లేకపోతే డబ్బు అదే వెనక్కి వస్తుంది. హిస్టరీ చూడకుండా కంగారులో రెండోసారి కట్టకండి, పేపర్‌లెస్ టికెట్ రద్దు చేయడం కుదరదు.

సమస్య: టికెట్ ఉంది, రైలూ సరైనదే, అయినా ఫైన్ పడింది.

ఇదీ అసలు సంగతి. మా మేనల్లుడు తాడేపల్లిగూడెంలో చదువుతున్నాడు. వాడికి మూడు నెలల సీజన్ పాస్ మా షాపు ముందు నిలబడి నేనే తీసిచ్చాను. దగ్గరలో ఉన్న స్టేషన్లని చూపించే వరసలో అన్నిటికన్నా పైన "గోదావరి" కనబడింది, అదే నొక్కేశాను. మా ఊళ్లో గోదావరి, రాజమండ్రి అని రెండు స్టేషన్లు, కోటగుమ్మానికి గోదావరే దగ్గర మరి. 1900 నుంచి 1997 దాకా రైళ్లు తిరిగిన హేవలాక్ వంతెన దాని పక్కనే, ఊరి నడిబొడ్డు, మా పెద్దవాళ్లకైతే రైలెక్కడమంటే ఆ స్టేషనే గుర్తొస్తుంది. పొద్దున్న పాసింజర్ అక్కడ ఆగుతుంది, వాడు ఎక్కేవాడు, వారం రోజులు ఏ గొడవా లేదు. ఆ శనివారం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పాసింజర్ తప్పిపోయి ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. అది గోదావరిలో ఆగదు. రాజమండ్రిలో దిగితే గేటు దగ్గర టీటీఈ ఫోన్ తీసుకుని, తెర మీద స్టేషన్ పేరు కింద వేలుపెట్టి చూపించాడట: "పాస్ ఇక్కడిదాకా లేదు బాబూ, గోదావరి దాకానే." కనీసం 250 రూపాయలు, పైన ఛార్జీ. రెండు స్టేషన్ల మధ్య ప్రయాణం నిమిషాల్లో అయిపోతుంది, కానీ రూల్ ప్రకారం ఆ కాస్త దూరం వాడు టికెట్ లేకుండా వచ్చినట్టే. తప్పు నాది, కట్టిందీ నేనే.

అప్పటి నుంచి ఎవరొచ్చినా కాగితం మీద గీత గీసి చూపిస్తున్నాను: నిడదవోలు, కొవ్వూరు, వంతెన, గోదావరి, రాజమండ్రి, కడియం, ద్వారపూడి. మీరు నిడదవోలు వైపు వెళ్లి వచ్చేవాళ్లయితే టికెట్ రాజమండ్రి పేరు మీద ఉండాలి, అప్పుడు గోదావరిలో ఎక్కినా దిగినా అది టికెట్ లోపలి దూరమే. సామర్లకోట వైపు అయితే సరిగ్గా తిరగేయండి, గోదావరి పేరు మీద తీయాలి. అంటే మీరు వెళ్లే ఊరికి రెండింటిలో ఏది దూరమో అది. ఛార్జీలో చాలాసార్లు తేడాయే ఉండదు, ఉన్నా ఫైన్ ముందు అదొక లెక్క కాదు.

భీమవరంలోనూ ఇదే. నరసాపురం నుంచి గుడివాడ వెళ్లే రైలు ముందు జంక్షన్, తర్వాత టౌన్ తాకుతుంది. జంక్షన్‌లో గుడివాడ వైపు రైలెక్కే మనిషి చేతిలో టౌన్ టికెట్ ఉంటే మధ్యలో ముక్క ఖాళీ. కాకినాడలో పోర్టు ముందు, టౌన్ తర్వాత, పోర్టులో ఎక్కుతూ టౌన్ నుంచి టికెట్ తీయకండి. దగ్గరలోని స్టేషన్ల వరసని నమ్ముకోకుండా పేరో కోడో టైప్ చేయండి. రాజమండ్రికి ఆర్‌జేవై, గోదావరికి జీవీఎన్. డబ్బు కట్టే ముందు ఆ రెండు పేర్లూ పైకి చదవండి, నిజంగా నోటితో చదవండి.

సీజన్ ఇప్పటికే తప్పు పేరుతో తీసేసి ఉంటే, ఆ స్టేషన్లో ఆగని రైలెక్కే రోజున మొత్తం దూరానికి జనరల్ టికెట్ విడిగా తీసుకోండి. పాస్ అయిపోయాక సరైన పేరుతో కొత్తది.

పేర్లు సరిగ్గానే ఉన్నా ఫైన్ పడిందంటే రైలు నంబరు చూడండి. 12, 20, 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్. 17239 సింహాద్రికి చెల్లే ఎక్స్‌ప్రెస్ టికెట్ 12718 రత్నాచల్‌కి చెల్లదు, సెకండ్ క్లాసులో తేడా 15 రూపాయలే. యాప్‌లో రైలు రకం అడిగే చోట సూపర్‌ఫాస్ట్ ఎంచుకోకుండా వదిలేస్తారు, అంతే.

మిగతావి అరుదు. స్క్రీన్‌షాట్ చెల్లదు, కొన్న ఫోన్లోనే యాప్ తెరిచి చూపించాలి. చార్జింగ్ లేక ఫోన్ ఆగిపోతే టికెట్ లేనట్టే. సీజన్ 150 కిలోమీటర్లు దాటి ఇవ్వరు. కాకినాడ నుంచి వెళ్లే కోటిపల్లి లైనుకైతే ఆ రోజు రైలుందో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

ఇంకొకటి, ఫోన్లో తీసిన సీజన్ మర్నాటి నుంచి చెల్లుతుంది. సోమవారం నుంచి కాలేజీ అయితే ఆదివారమే తీసి పెట్టుకోండి.