ఫ్లై ఫిషింగ్ సామాను: తేడా ఎక్కడుంది, మార్చాల్సింది ఏది

ఆస్టిన్, శాన్ ఆంటోనియో వైపు ఉండే మనవాళ్లు ఫ్లై ఫిషింగ్ (పురుగులా కట్టిన తేలికపాటి ఎర, అంటే ఫ్లైతో చేపలు పట్టడం) నేర్చుకోవాలంటే గ్వాడలూప్ నది దగ్గర మొదలుపెట్టమంటాను. కాన్యన్ డ్యామ్ అడుగు నుంచి వదిలే నీళ్లు చల్లగా ఉంటాయి. చలికాలంలో టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు అందులో రెయిన్‌బో ట్రౌట్‌ని వదులుతారు. ఎండలు ముదిరాక చుట్టుపక్కల నదుల్లో గ్వాడలూప్ బాస్, సన్‌ఫిష్ దొరుకుతాయి. వీటన్నిటికీ ఒకే రాడ్ (గాలం కర్ర) సరిపోతుంది: 9 అడుగుల 5 వెయిట్. వెయిట్ అంటే ఆ రాడ్‌కి ఎంత బరువు లైన్ (విసిరే లావు దారం) నప్పుతుందో చెప్పే నంబరు.

కొత్తవాళ్లకి ఏ ఇబ్బంది వచ్చినా "ఇంకాస్త మంచి రాడ్ కొననా?" అని అడుగుతారు. దాదాపు ప్రతిసారీ వద్దనే చెబుతాను. మామూలు గాలంలో ఎర బరువో, సీసం గుండో దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఫ్లైకి బరువే ఉండదు, విసిరే బరువంతా లైన్‌లోనే ఉంటుంది. అందుకే తేడా వస్తే ఫ్లై దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెతకాలి. ముందు టిప్పెట్ (ఫ్లైని కట్టే చివరి సన్న దారం), తర్వాత లీడర్ (లైన్‌ని టిప్పెట్‌తో కలిపే దారం), లైన్, ఆ తర్వాతే రాడ్. ట్రౌట్ వేటలో రీల్ పని లైన్ చుట్టి పెట్టుకోవడమే, దాన్ని అనుమానించాల్సిన అవసరం చాలా అరుదు.

ఎంత విసిరినా లైన్ ముందుకు పోవడం లేదు, కాళ్ల దగ్గరే కుప్పపడుతోంది

అందరికీ వచ్చే సమస్య ఇదే. కారణాలు మాత్రం మూడు నాలుగు ఉంటాయి.

మొదట లైన్ తిరగేసి చుట్టలేదు కదా అని చూసుకోండి. డబ్బా మీద ఉండే WF5F లాంటి గుర్తులో మొదటి రెండక్షరాలకి అర్థం బరువు ముందు భాగంలో ఉందని, చివరి అక్షరానికి అర్థం నీటి మీద తేలుతుందని. ఇలాంటి లైన్‌లో మొదటి 30–40 అడుగులు లావుగా, ఆ వెనకంతా సన్నగా ఉంటుంది. రీల్‌కి కట్టాల్సిన కొసకి చిన్న కాగితం అంటించి ఉంటుంది. కొత్త లైన్ చుట్టే తొందరలో అది ఊడిపోయిందంటే కొసలు తారుమారు కావడానికి క్షణం పట్టదు. లైన్‌ని వాకిట్లో పరిచి, లీడర్ వైపు నుంచి వేళ్ల మధ్య జార్చుకుంటూ వెళ్లండి. మొదటి రెండు మూడు గజాల్లో కాస్త లావెక్కాలి. అలా కాకుండా చాలా దూరం వరకూ సన్నగానే సాగితే తిరగబడిందన్నట్టే. మొత్తం విప్పి మళ్లీ చుట్టాల్సిందే, ఇంకో దారి లేదు.

రెండోది లైన్ నంబరు. రాడ్ మీద పిడికి కాస్త పైన 5 అని ఉంటే లైన్ కూడా 5 ఉండాలి. ప్రమాణం ప్రకారం 5 వెయిట్ లైన్ మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగాలి. 4 వెయిట్‌కి 120, 6 వెయిట్‌కి 160. అసలు చిక్కు ఆ 30 అడుగుల లెక్కలోనే ఉంది. కొత్తవాళ్లు రాడ్ కొస నుంచి 15 అడుగులు వదిలి విసురుతారు. అప్పుడు రాడ్ మీద పడేది సగం బరువే. రాడ్ వంగదు, వంగకపోతే లైన్‌ని తోయదు. ఇంకాస్త లైన్ బయటికి వదిలి చూడండి. చిన్న వాగుల్లో దగ్గర దూరాలకే విసరాలంటే అదే రాడ్‌కి ఒక నంబరు ఎక్కువ లైన్ వేసుకోవచ్చు. కాకపోతే ఈమధ్య వచ్చే చాలా లైన్లని ప్రమాణం కన్నా అర నంబరో, ఒక నంబరో ఎక్కువ బరువుతోనే చేస్తున్నారు. డబ్బా మీద గ్రెయిన్లు చూసి కొనండి, లేకపోతే బరువు మీద బరువు వేసినట్టవుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయంటే తేడా చేతిలో ఉంది. రాడ్‌ని వెనక్కి మరీ కిందికి వాలుస్తున్నారేమో, లైన్ వెనక పూర్తిగా చాపుకోకముందే ముందుకు కొడుతున్నారేమో చూసుకోండి. తల తిప్పి వెనక లైన్‌ని చూస్తూ విసరడం సిగ్గుపడాల్సిన పని కాదు. వెనక సైప్రస్ చెట్లుంటే, గ్వాడలూప్ గట్టు పొడవునా ఉన్నవి అవే, వెనక్కి విసరడం మానేసి రోల్ కాస్ట్ (లైన్‌ని వెనక్కి పంపకుండా నీటి మీద నుంచే ముందుకు దొర్లించే విసురు) నేర్చుకోండి.

డబ్బు పెట్టేదేదో లైన్ మీద పెట్టండి. 150 డాలర్ల రాడ్ మీద మంచి లైన్ వేస్తే, 500 డాలర్ల రాడ్ మీద నాసిరకం లైన్ వేసినదాని కన్నా కొత్తవాళ్ల చేతికి హాయిగా ఉంటుంది.

లైన్ చక్కగా సాగుతోంది, చివర్లో ఫ్లై మాత్రం చుట్టుకుని పడుతోంది

ఇది లీడర్ సమస్య. లీడర్ మొదట్లో లావుగా ఉండి కొసకి పోనుపోనూ సన్నబడుతుంది. లైన్‌లో వచ్చిన ఊపు ఆ వాలు మీదుగానే ఫ్లై దాకా చేరాలి. చివర టిప్పెట్ మరీ పొడుగైనా, ఫ్లై బరువుకి మరీ సన్నమైనా ఊపు మధ్యలోనే చచ్చిపోతుంది.

టిప్పెట్ మందానికి ఒక లెక్క ఉంది. టిప్పెట్ చుట్ట మీద 5ఎక్స్ లాంటి గుర్తు ఉంటుంది; 11 లోంచి ఎక్స్ ముందున్న అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే 0.006 అంగుళం, 3ఎక్స్ అంటే 0.008. ఫ్లైకి ఏది నప్పుతుందో తెలియాలంటే కొక్కెం నంబరుని మూడుతో భాగించండి, వచ్చేదే ఎక్స్ అంకె. 16వ నంబరు డ్రై ఫ్లైకి (నీటి మీద తేలే ఫ్లై) 5ఎక్స్, బాస్ కోసం వాడే 6వ నంబరు పాపర్‌కి (నీటి మీద చప్పుడు చేసే ఫ్లై) 2ఎక్స్. కొక్కెం నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని గుర్తుపెట్టుకోండి.

ట్రౌట్‌కి 9 అడుగుల లీడర్, బాస్‌కి ఏడున్నర అడుగులది చాలు. ఫ్లైలు మార్చిన ప్రతిసారీ కాస్త కాస్త కత్తిరిస్తూ పోతే లీడర్ కురచబడి కొస లావైపోతుంది. రెండడుగుల టిప్పెట్ సర్జన్ ముడితో కలుపుకుంటే అదే లీడర్ మళ్లీ పనికొస్తుంది.

టిప్పెట్‌లో వాటంతటవే ముడులు పడుతున్నాయి

వీటిని విండ్ నాట్స్ అంటారు గానీ చాలాసార్లు గాలికి సంబంధం ఉండదు. ముందుకు విసిరేటప్పుడు ఒక్కసారిగా బలం పెడితే రాడ్ కొస కిందికి జారి లైన్ తన మీద తనే అడ్డం పడుతుంది. మెల్లగా మొదలుపెట్టి, చివర్లో వేగం పెంచి, టక్కున ఆపండి. పడిన ముడిని బిగిసేలోగా సూదితో విప్పండి, బిగిసిందంటే తెంచేసి మళ్లీ కట్టుకోండి. అలాంటి ముడి ఉన్నచోట దారం బలం సగానికి పడిపోవచ్చు.

చేప పడుతోంది, వెంటనే తెగిపోతోంది

తెగిన కొసని వెలుతురులో పెట్టి చూడండి. పందితోకలా మెలికలు తిరిగి ఉంటే దారం తెగలేదు, ముడి జారింది. ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించి, ఒకసారి లాగి చూశాకే నీళ్లలో వెయ్యండి. కొస గరుగ్గా చిట్లినట్టుంటే రాళ్లకి ఒరుసుకుంది. గ్వాడలూప్ అడుగున సున్నపురాయి దీనికి పెట్టింది పేరు. ఫ్లై పైన ఓ అడుగు దాకా వేళ్లతో తడుముతూ ఉండండి, గరుకు తగిలితే అక్కడికి కత్తిరించండి. రెండూ కాకపోతే టిప్పెట్ పాతదై ఉంటుంది. కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పడున్న నైలాన్ చుట్టని నమ్మకండి.

ఎండాకాలంలో లైన్ జిగటగా, చలికాలంలో స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా

మన టెక్సస్ వాళ్లకి ఇది ప్రత్యేకమైన కష్టం. ట్రౌట్ లైన్లు చల్లటి నీళ్ల కోసం చేసినవి, పై పూత మెత్తగా ఉంటుంది. జులై ఎండలో అది ఇంకా మెత్తబడి రాడ్ రింగుల్లో పట్టేస్తుంది. వేడి ప్రాంతాల కోసం చేసిన ట్రాపికల్ లైన్ ఎండలో గట్టిగా నిలబడుతుంది గానీ జనవరి నీళ్లలో చుట్టలు విడవదు. ఏడాదంతా వేటాడేవాళ్లు రెండో రాడ్ కొనకండి, రెండో స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టే చక్రం) మీద రెండో లైన్ వేసుకోండి. ఇండియాకి తీసుకెళ్లి మన చెరువుల్లో, రిజర్వాయర్లలో వాడాలనుకునేవాళ్లకి ట్రాపికల్ లైనే సరైనది. ఉన్న లైన్‌లోని చుట్టలు పోవాలంటే, పని మొదలుపెట్టే ముందు గజం గజం పట్టుకుని రెండు చేతుల మధ్య గట్టిగా సాగదియ్యండి.

లైన్ కొస మునుగుతోందంటే చాలావరకు మురికే. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో లాగి, ఆరాక లైన్ డ్రెస్సింగ్ (లైన్‌కి రాసే నునుపు పూత) రాయండి. దోమల మందులో ఉండే డీట్ ఈ పూతని తినేస్తుంది. సన్‌స్క్రీన్ కూడా మంచిది కాదు. రెండూ రాసుకున్నాక చేతులు శుభ్రంగా కడుక్కునే లైన్ ముట్టుకోండి.

చేపలు కళ్లముందే ఉన్నాయి, ఫ్లైని మాత్రం ముట్టడం లేదు

ఫ్లైలు మార్చే ముందు ఫ్లై నడక చూడండి. డ్రై ఫ్లై పక్కనున్న నురగ వేగంతోనే పోవాలి. వెనక చిన్న గీత గీస్తూ పోతోందంటే ప్రవాహం లైన్‌ని లాగేస్తోంది. లైన్ నీటి మీద పడగానే దాని నడుముని ప్రవాహానికి ఎదురు వైపు ఎత్తి వెయ్యండి.

నీటి అడుగున వేసే నింఫ్ రకం ఫ్లై అయితే, సాధారణంగా అది అడుగుకి చేరడం లేదన్నదే కారణం. బెండుని ఫ్లై నుంచి నీటి లోతుకి ఒకటిన్నర రెట్ల దూరంలో పెట్టండి. అప్పుడప్పుడూ రాళ్లకి తగిలి బెండు ఉలిక్కిపడాలి. అసలు తగలడం లేదంటే ఇంకో చిన్న గుండు కలపండి. ఫ్లై రంగు గురించి ఆలోచించే ముందు ఈ ఒక్క గుండు ప్రయత్నించమని అందరికీ చెబుతాను. బయట తేడా కనిపించకపోయినా, నీళ్లలో అంతా మారిపోతుంది.

నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్‌ని పట్టకండి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తగ్గి, వదిలేసిన చేప కూడా బతకకపోవచ్చు. పది డాలర్ల థర్మామీటర్ జేబులో ఉంచుకుని, వేడెక్కిన రోజున బాస్ కోసం వెళ్లండి.

వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే నీరు దూరని ప్యాంటు) లోపల తడి

తడి మోకాళ్ల చుట్టూ సమంగా ఉంటే అది చెమట, లోపల జీన్స్ వేసుకుంటే ఇంకా ఎక్కువ. ఒకేచోట మరక కడితే చిల్లు. గాలి ఆడే రకం వేడర్స్‌ని తిరగేసి, లోపలి వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లండి. చిల్లు ఉన్నచోట నల్లటి చుక్క తేలుతుంది. అక్కడ ఆక్వాసీల్ జిగురు రాసి రాత్రంతా ఆరనివ్వండి. నడుం బెల్టు మాత్రం ఎప్పుడూ వదలకండి. పడిపోతే నీళ్లు లోపలికి వేగంగా చేరకుండా ఆపేది అదే.

సెలవుల్లో ఎల్లోస్టోన్ వెళ్లేవాళ్లు బూట్లు చూసుకోండి. అక్కడ ఫెల్ట్ (జారకుండా వేసే ఒత్తిన మందపాటి గుడ్డ) అడుగున్న బూట్లు నిషేధం, ఒక నది జీవులు ఆ తడి ఫెల్ట్‌లో దాక్కుని ఇంకో నదిలోకి చేరతాయని. సీసం గుండ్లు, ముల్లున్న కొక్కేలు కూడా కుదరవు. రాష్ట్ర లైసెన్స్ కాదు, పార్కు ఇచ్చే పర్మిట్ తీసుకోవాలి.

రాడ్ ముక్కలు ఊడి రావడం లేదు

మెలితిప్పకండి, విరిగేది అక్కడే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒక్కొక్కరూ ఒక్కో చేత్తో రెండు ముక్కల్నీ పట్టుకుని తిన్నగా లాగండి. ఒక్కరే ఉంటే రబ్బరు చేతి తొడుగులు వేసుకుని, రాడ్‌ని మోకాళ్ల వెనక్కి పెట్టి, చేతులు కదపకుండా మోకాళ్లని బయటికి తొయ్యండి. ఇకముందు పట్టెయ్యకుండా జాయింట్ మగ కొస మీద కొవ్వొత్తి మైనం పల్చగా రుద్దండి. వేటలో మధ్యమధ్యలో ప్రతి జాయింట్‌నీ ఒకసారి నొక్కి చూసుకోండి. వదులైన జాయింట్‌తో విసిరితే అక్కడే చిట్లుతుంది.