పాత కారు ఇంజిన్ మరమ్మతు – పాఠం 7: కాలు తీశాక దిగని ఇంజిన్

యాక్సిలరేటర్ పెడల్‌ను కార్బురేటర్‌కు కలిపే రాడ్డు బాల్ జాయింట్లు (గుండు మీద కప్పు తిరిగే కీళ్లు) మార్చడం ఈసారి చెబుతానన్నాను. చెబుతాను గానీ, ఆరో పాఠం తెచ్చిపెట్టిన తంటా ఒకటి ముందు తీరాలి. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పి, దాని గొట్టంలో దారిని తెరిచి మూసే పలక, అదే బటర్‌ఫ్లై తీసి, అది తిరిగే షాఫ్టు శుభ్రం చేసి బిగించమన్నాను కదా. బిగించిన వాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: ‘‘కాలు తీసినా ఇంజిన్ దిగట్లేదండీ, రేజింగ్‌లోనే ఉండిపోతోంది.’’ పెదవాల్తేరులో ఒకరిది పద్మిని, గోపాలపట్నంలో ఒకరిది అంబాసిడర్. బళ్లు వేరు, జబ్బు ఒకటే. ఇందులో నా తప్పూ ఉంది. బటర్‌ఫ్లైని మధ్యకు కూర్చోబెట్టడం గురించి ఒక్క ముక్కతో సరిపెట్టేశాను.

ఆ పలక చూడ్డానికి గుండ్రంగా ఉంటుంది గానీ అచ్చమైన గుండ్రం కాదు. మూసుకున్నప్పుడు గొట్టంలో కాస్త వాలుగా కూర్చుంటుంది, అందుకే అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. తిరగేసి బిగిస్తే అంచు గోడకు పట్టేస్తుంది, పూర్తిగా మూసుకోదు. విప్పేముందు సూదితో గీత పెట్టుకున్నవాళ్లకు ఈ బాధ లేదు. పెట్టుకోనివాళ్లు రెండు వైపులా వేసి చూసుకోవాల్సిందే.

కార్బురేటర్ చేతిలో ఉండగానే ఐడ్లింగ్ స్క్రూను, అంటే కాలు తీశాక ఇంజిన్ ఎంత వేగంతో తిరగాలో కుదిర్చేదాన్ని, షాఫ్టు చివరి లివర్‌కు తగలనంత వెనక్కి తిప్పండి. పలకను పట్టి ఉంచే రెండు ఇత్తడి స్క్రూలను కొద్దిగా వదులు చేయండి. షాఫ్టును మూసే వైపు వేళ్లతో నొక్కిపట్టి, స్క్రూడ్రైవర్ పిడితో పలక మీద మెల్లగా తట్టండి. అది తనంతట తనే మధ్యకు జరుగుతుంది. చెయ్యి వదలకుండా స్క్రూలు బిగించి, బల్బుకు ఎదురుగా ఎత్తి చూడండి. వెలుగు అసలు కనిపించకూడదు, కనిపిస్తే చుట్టూ వెంట్రుకవాసి సమానంగా ఉండాలి. ఒక పక్క నెలవంకలా మెరిసిందంటే మళ్లీ వదులు చేయాల్సిందే. నాలుగోసారికి గానీ కుదరని కార్బురేటర్లు నా చేతుల మీదుగా వెళ్లాయి, విసుక్కోకండి. స్క్రూలు కొత్తవి వేసి, షాఫ్టు కింద ఆనిక పెట్టి వాటి తోకలు విచ్చుకునేలా కొట్టండి. అక్కడ ఊడిన స్క్రూ తిన్నగా ఇంజిన్ లోపలికే పోతుంది.

ఇప్పుడు అసలు బాధ. ఇంజిన్ దిగకపోయేసరికి మీలో సగం మంది బటర్‌ఫ్లైని వెనక్కి లాగి మూసే స్ప్రింగుకు తోడు రెండోది తగిలించారు. ఇది నాకు సుతరామూ నచ్చని పని. కంపెనీయే రెండిచ్చిన చోట రెండూ ఉండాలి, ఒకటి తెగితే ఇంకోటి ఆదుకోవడానికి. నేను కాదనేది పట్టేసిన షాఫ్టును బలవంతాన లాగడానికి వేసే స్ప్రింగును. అది షాఫ్టును రోజంతా ఒకే పక్కకు గుంజుతుంది. షాఫ్టు తిరిగే రంధ్రం ఆ పక్కే అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది, గాలిలో పెట్రోలు వంతు తగ్గుతుంది, ఐడ్లింగ్‌లో ఇంజిన్ కొట్టుకుంటుంది. ఆగిపోతోందని మీరు ఐడ్లింగ్ స్క్రూ పెంచుతారు. మళ్లీ రేజింగ్. ఈలోపు పెడల్ బరువెక్కి, సింహాచలం ఘాట్ ఎక్కేసరికి పాదం లాగేస్తుంది.

గాలి దూరుతోందో లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా షాఫ్టు రెండు చివర్లా సిరంజితో ఒక్కో చుక్క ఇంజిన్ ఆయిల్ వేయండి. చప్పుడు క్షణంపాటు మారితే అక్కడ సందున్నట్టే. పెట్రోలుతో ఈ పరీక్ష చేయొద్దు, మంటలు లేస్తాయి. సందు తేలితే గాజువాక ఆటోనగర్‌లో మంచి లేత్ పనివాడి చేత ఆ రంధ్రంలో ఇత్తడి బుష్ (చిన్న గొట్టం ముక్క) వేయించుకోండి.

ఇంత చెప్పడానికి కారణముంది. నేను పాతది కొన్న అంబాసిడర్‌కు ఎవరో అలాంటి స్ప్రింగు వేసి ఉంచారు. సముద్రపు గాలికి దాని కొక్కెం మెడ దగ్గర తుప్పు తినేసింది. కొండ దిగుతుండగా తెగి, ముక్క బెల్ క్రాంకులో (రాడ్డు లాగే దిశను మార్చే మడత లివర్‌లో) ఇరుక్కుంది. కాలు తీశాను, ఇంజిన్ అరుస్తూనే ఉంది. క్లచ్ తొక్కిపెట్టి, ఇంజిన్ ఆగేంత వరకే తాళం తిప్పి, బ్రేకు మీద పక్కకు తీశాను. మీ బండికి స్టీరింగ్ లాక్ ఉంటే తాళం చివరిదాకా తిప్పొద్దు, స్టీరింగ్ బిగిసిపోతుంది. పక్క సీట్లో మా అమ్మ ఉంది. అప్పట్నుంచి నా బండికి స్ప్రింగు ఏటా మారుతుంది, తెగినా తెగకపోయినా.

మరి తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? కార్బురేటర్ దగ్గర రాడ్డు ఊడదీసి, లివర్‌ను వేలితో తెరిచి వదలండి. టప్‌మని వచ్చి స్క్రూ మీద ఆనాలి. మెల్లగా వచ్చినా, చివర వెంట్రుకవాసి ఆగినా తప్పు కార్బురేటర్‌లోనే. బాగా వచ్చిందంటే రాడ్డును, పెడల్‌ను, పెడల్ కింద ముడతపడ్డ రబ్బరు మ్యాట్‌ను చూడండి. మ్యాటే ముందు చూడండి.

రాడ్డు కొలత కుదర్చడానికి ఇంజిన్ వేడెక్కాలి. రాడ్డు తీసి ఉండగానే ఐడ్లింగ్ నిమిషానికి 800 చుట్లకు తెచ్చుకోండి. అప్పుడు రాడ్డు కప్పును లివర్ మీది గుండుకు ఎదురుగా పట్టండి. లాగకుండా, తొయ్యకుండా తిన్నగా కూర్చోవాలి. కాస్త లాగి తగిలించారా, ఇక బటర్‌ఫ్లై ఆనేది స్క్రూ మీద కాదు, రాడ్డు మీద. స్క్రూ ఎంత తిప్పినా ఉలకదు పలకదు. చాలామంది ఇంట్లో జరిగింది ఇదే. కప్పును కదలకుండా పట్టి ఉంచే చెక్ నట్ వదులు చేసి కప్పును తిప్పుకోండి. 6 మిల్లీమీటర్ల మామూలు మర అయితే చుట్టుకు 1 మిల్లీమీటరు జరుగుతుంది. పాతకాలపు అంబాసిడర్ ఇంజిన్లవి అంగుళాల మరలు. పావు అంగుళం సన్న మరకు అంగుళానికి 28 చుట్లు. పావు అంగుళం నట్టు 6 మిల్లీమీటర్ల బోల్టు మీదికి ఎక్కినట్టే ఉంటుంది, దారిలో ఊడుతుంది. నట్లు ఒకే డబ్బాలో కలపకండి.

బాల్ జాయింటు మార్చడం పది నిమిషాల పని. క్లిప్పు తీయండి, కప్పు లాగండి, గుండు మీద గోరు జరపండి. చదును తగిలితే కప్పూ గుండూ రెండూ మార్చాలి. గ్రీజు మాత్రం పూయొద్దు. బీచ్ రోడ్డు ఇసుక దానికి అంటుకుని గరుకు కాగితంలా అరగదీస్తుంది. నేను కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, పైది తుడిచేస్తాను.

ఇంజిన్ ఆపి, పక్కనున్న వాళ్లను పెడల్ పూర్తిగా తొక్కమని గొట్టంలోకి చూడండి. బటర్‌ఫ్లై నిలువుగా నిలబడాలి, సరిగ్గా అప్పుడే పెడల్ తన అడ్డుకు ఆనాలి. అడ్డు లేకపోతే మీ కాలి బలమంతా ఆ సన్నని షాఫ్టు మీదే పడుతుంది. క్లచ్ వదిలేటప్పుడు బండి కుదుపుతో దానంతటదే రేజ్ అవుతుంటే ఇంజిన్‌ను మోసే మౌంటింగ్ రబ్బర్లు పోయినట్టు. ఇంజిన్ ఒరిగినప్పుడల్లా రాడ్డును లాగుతోంది. రబ్బర్లు ఎనిమిదో పాఠంలో.

అభ్యాసం: ఏడు రోజులు, రోజుకు రెండుసార్లు. పొద్దున ఇంజిన్ కాస్త వేడెక్కాక ఒకసారి, సాయంత్రం బాగా తిరిగొచ్చాక ఒకసారి. రాడ్డు తీసి ఐడ్లింగ్ చప్పుడు వినండి, పెట్టి వినండి, తేడా ఉందో లేదో కాగితం మీద రాయండి. ఏడో రోజు సింహాచలం ఘాట్ ఎక్కి, పైన పార్కింగ్‌లో ఇంజిన్ ఆపకుండా ఇంకోసారి. పద్నాలుగు సార్లు తేడా లేకుండా ఉండి, కొండ మీద మాత్రం రాడ్డు తీసినా ఇంజిన్ దిగకపోతే, వేడికి మీ షాఫ్టు పట్టేస్తోంది. కార్బురేటర్ విప్పి ఆరో పాఠం మళ్లీ మొదలుపెట్టండి.