వర్డ్‌లో టెక్స్ట్ ఫైల్ తెరుచుకోనప్పుడు: సమస్య - పరిష్కారం

తిరుపతిలో డీటీపీ పని చేసేవారికి బ్రహ్మోత్సవాల ముందు, గంగమ్మ జాతర ముందు, విశ్వవిద్యాలయంలో సిద్ధాంత గ్రంథాలు సమర్పించే రోజుల్లో ఒకే మాట పదేపదే వినిపిస్తుంది: ‘‘టైప్ చేసిన ఫైల్ వర్డ్‌లో తెరుచుకోవడం లేదు, పాడైపోయినట్టుంది.’’ ఇన్నేళ్లలో నా చేతికి వచ్చిన ఇలాంటి ఫైళ్లలో నిజంగా పాడైనవి చాలా తక్కువ. బాగున్న ఫైల్‌ను తెరిచే ప్రయత్నంలో తామే పాడుచేసుకుని వచ్చినవారు మాత్రం చాలామంది ఉన్నారు. అందువల్ల ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆ ఫైల్‌కు ఒక నకలు తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టండి.

ఫైల్ అసలు తెరుచుకోకపోతే

వర్డ్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి వచ్చేవారు కూడా ఫైల్ పరిమాణం ఎంతో చూసి ఉండరు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. అక్కడ 0 బైట్లు అని ఉంటే అందులో తెరవడానికి ఏమీ లేదు. కాపీ పూర్తికాకముందే పెన్‌డ్రైవ్ లాగేసి ఉంటారు. అసలు ఫైల్ ఉన్న కంప్యూటర్ దగ్గరకు వెళ్లి మళ్లీ తెచ్చుకోవడమే దారి.

పరిమాణం సరిగానే ఉంటే ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర నిమిషం పట్టే ఈ పరీక్షను ఎందుకు దాటవేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మొదటి రెండు అక్షరాలు ఇంగ్లిష్ పీ, కే అయితే అది ఒట్టి అక్షరాలే ఉండే టెక్స్ట్ ఫైల్ కాదు, ఎవరో పేరు చివర మార్చిన వర్డ్ ఫైల్ కావచ్చు. శాతం గుర్తు తర్వాత పీడీఎఫ్ అనే అక్షరాలుంటే అది పీడీఎఫ్. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి, పేరు చివరి భాగాన్ని సరిచేస్తే చాలు.

తెరుచుకుంది కానీ తెలుగు కనిపించకపోతే

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది, వర్డ్‌లో మాత్రం నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన డిగ్రీల గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు, ఆ తర్వాత ఇంకేదో గుర్తు, మళ్లీ అదే వరుసగా పేజీ అంతా నిండిపోతుంది. ఈ వరుస కనిపించిందంటే మీ తెలుగు క్షేమంగా ఉందని అర్థం. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 స్థానాలున్నాయి. ఆ సంఖ్యలను ఫైల్‌లో బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో వాటిలో ప్రతిదానికీ 3 బైట్లు పడతాయి: మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి, మూడోది మాత్రమే అక్షరాన్ని బట్టి మారుతుంది. వర్డ్ ఆ ఫైల్‌ను, ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా తీసుకునే పాత విండోస్-1252 పద్ధతిలో చదివితే మూడు బైట్లనూ మూడు వేర్వేరు గుర్తులుగా చూపిస్తుంది.

2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి నోట్‌ప్యాడ్ మనం వేరే చెప్పకపోతే యూటీఎఫ్-8లోనే, అదీ మొదట్లో ఉండే బామ్ అనే మూడు బైట్ల గుర్తు లేకుండా, సేవ్ చేస్తుంది. ఆ గుర్తు లేనప్పుడు వర్డ్ ఊహించాల్సి వస్తుంది. ఒక్కోసారి ఫైల్ కన్వర్షన్ అనే పెట్టె తెరిచి మనల్నే అడుగుతుంది. అందులో విండోస్ డిఫాల్ట్ (సాధారణంగా ఆ విండోస్-1252నే) అని ఉన్నదాన్ని చూడకుండా ఓకే నొక్కడం వల్లనే సగం కేసులు పుడతాయి.

పరిష్కారం తేలిక. వర్డ్‌లో సేవ్ చేయకుండా మూసేయండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ తెరిచి, కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 విత్ బామ్ ఎంచుకుని వేరే పేరుతో సేవ్ చేస్తే వర్డ్ దాన్ని సరిగ్గా చదువుతుంది. ఇలాంటి ఫైళ్లు రోజూ వచ్చేవారు వర్డ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద, జనరల్ భాగంలో ఉన్న ‘కన్‌ఫర్మ్ ఫైల్ ఫార్మాట్ కన్వర్షన్ ఆన్ ఓపెన్’ దగ్గర టిక్ పెట్టుకుంటే, తెరిచిన ప్రతిసారీ ఎన్‌కోడెడ్ టెక్స్ట్, ఆపైన యూటీఎఫ్-8 ఎంచుకునే వీలుంటుంది.

నేను దెబ్బ తిన్నది తెరవడంలో కాదు, ఆ తర్వాత సేవ్ చేయడంలో. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తాను సేకరించిన పల్లె పాటలను ఫోన్‌లో టైప్ చేసి తెచ్చారు. వర్డ్‌లో తెలుగు బాగానే వచ్చింది. రెండు అచ్చుతప్పులు దిద్ది, సేవ్ యాజ్‌లో ప్లెయిన్ టెక్స్ట్ ఎంచుకుని, ఎదురుగా వచ్చిన పెట్టెలో విండోస్ డిఫాల్ట్‌కే ఓకే అన్నాను. సరిగ్గా సేవ్ కాని అక్షరాలను ఎర్రగా చూపిస్తున్నామని ఆ పెట్టెలోనే రాసి ఉంటుంది, నేను చదవలేదు. మర్నాడు తెరిస్తే పాటలన్నీ ప్రశ్నార్థకాలు. విండోస్-1252లో తెలుగుకు చోటే లేదు కాబట్టి ప్రతి సంకేతం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పడుతుంది, ఫైల్ పరిమాణం సుమారు మూడో వంతుకు పడిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ లేదు. ఆయన ఫోన్‌లో అసలు ఫైల్ ఉండబట్టి పని గట్టెక్కింది.

పిచ్చి గుర్తులుగా కనిపించినదాన్నే యూటీఎఫ్-8లో సేవ్ చేసినవారి పరిస్థితి ఇంత చెడ్డది కాదు. ఆ ఫైల్ రెట్టింపుకు దగ్గరగా పెరుగుతుంది కానీ చాలావరకు వెనక్కి మార్చవచ్చు. అయితే కొమ్ముకూ పొల్లుకూ వచ్చే మూడో బైటు విండోస్-1252లో ఏ గుర్తూ లేని ఖాళీ స్థానంలో పడుతుంది. కొన్ని ప్రోగ్రాములు ఆ బైటును వదిలేస్తాయి. అప్పుడు తెలుగు తిరిగి వచ్చినా కొమ్ములూ ఒత్తులూ పోయి ఉంటాయి కాబట్టి, మార్చిన పాఠాన్ని అచ్చుకు ఇచ్చే ముందు మాట మాటా చదవాలి.

నోట్‌ప్యాడ్‌లోనూ తెలుగు లేకపోతే

డిగ్రీల గుర్తు వరుస లేకుండా రకరకాల ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటే అది అను ఫాంట్లలో టైప్ చేసిన పాఠం అయి ఉండవచ్చు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను చూపిస్తాయి. టెక్స్ట్ ఫైల్‌లో ఫాంట్ వివరం నిలవదు. వర్డ్‌లో మొత్తం ఎంచుకుని, టైప్ చేసినప్పటి వెర్షన్‌కు చెందిన అను ఫాంట్ పెట్టి చూడండి. యూనికోడ్ కావాలంటే కన్వర్టర్ వాడక తప్పదు.

మిగిలిన కారణాలు అరుదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైల్ అయితే ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ చేయండి. వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంటే అక్కడ మూసేయండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చేయమని అడిగితే అది వర్డ్ సమస్య కాదు. ఫార్మాట్ నొక్కకుండా డ్రైవ్ తీసి, డేటా రికవరీ తెలిసినవారికి చూపించండి.