మిత్రపురుగుల పాఠాలు – 4: కార్డు కట్టినా మొవ్వు ఎందుకు చచ్చింది?

పోయిన పాఠం చదివి వరిలో ట్రైకోకార్డులు (ట్రైకోగ్రామా కందిరీగలు లోపలున్న గుడ్లు అంటించిన అట్టలు) కట్టినవాళ్లు పాలకొండ నుంచి, ఆమదాలవలస నుంచి, బొబ్బిలి నుంచి ఒకే మాట రాశారు: "వారమైంది, మొవ్వులు (పిలక నడి ఆకులు) చస్తూనే ఉన్నాయి." అందుకే ఆకుముడత పాఠాన్ని తర్వాతకు వాయిదా వేశాను. ముందు ఇది తేలాలి.

మీలో చాలామంది చచ్చిన మొవ్వు చూశాకే కార్డు తెచ్చారు. ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ, మొవ్వును చంపే మొగిపురుగు (కాండం తొలిచే పురుగు) గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. గుడ్డు పగిలి, పిల్లపురుగు కాండంలోకి దూరిందంటే ఈ కందిరీగ దాన్నేమీ చెయ్యలేదు. మొవ్వు ఎండి, లాగితే ఊడొచ్చిందంటే పురుగు లోపల చేరి చాలా రోజులైనట్టే. మొగిపురుగు గుడ్డు 5 నుంచి 8 రోజుల్లో పగులుతుంది, కందిరీగ బతికేది కొద్ది రోజులే. ఈ రెండూ కలవాలంటే వారం వారం కట్టాలి. ఒక్కసారి కట్టి ఊరుకుంటే కార్డు దండగ.

చూడాల్సింది మొవ్వును కాదు, ఆకు కొనను. గోధుమరంగు నూగు కప్పిన గుడ్లముద్ద కనబడినా, రెక్కకో నల్లచుక్కున్న పసుపు రెక్కలపురుగు సాయంత్రం లేచినా ఆ వారమే మొదలుపెట్టండి. మామూలుగా ఉభాలైన (నాట్లేసిన) 30 రోజులకు ఈ పని మొదలవుతుంది.

ఎకరానికి 20,000 గుడ్ల జపానికం (వరి మొగిపురుగుకు వాడే ట్రైకోగ్రామా రకం) కార్డు. దాన్ని 40 ముక్కలు చేసి, 10 మీటర్లకొకటి, ఆకు అడుగున, గుడ్లవైపు కిందకుండేలా పిన్ను కొట్టండి. ఎండ, వాన తగలవు. గట్టు పక్కన వద్దు, చీమలు తినేస్తాయి. కార్డు నల్లగా ఉండాలి. గుడ్లకు సూదిమొనంత కన్నాలుంటే రీగలు ఎగిరిపోయినట్టే, కొనకండి. బండి డిక్కీలో ఎండకు పెట్టి తెస్తే అన్నీ చస్తాయి. కట్టాక వారం దాకా పురుగుమందు కొట్టొద్దు.

అభ్యాసం: మీ మడిలో 20 గుడ్లముద్దలు ఆకు ముక్కతో సహా కోసి, ఒక్కోదాన్ని ఒక్కో ఇంజెక్షన్ సీసాలో వేసి, దూది గట్టిగా బిగించి నీడలో పెట్టండి. 10 రోజులు రోజూ చూసి, ఏ సీసాలో నల్లతల పిల్లపురుగులొచ్చాయో, ఏ సీసాలో రీగలొచ్చాయో రాయండి. రెండూ వస్తే రెండూ రాయండి. ఆకుపచ్చ మెరుపుతో కాస్త పెద్ద రీగలొస్తే అవి టెట్రాస్టికస్ అనే మరో రకం కందిరీగలు, మీ పొలంలో సహజంగా ఉన్నవే. వాటిని పొలంలోనే వదిలెయ్యండి.