మత్స్య సహకార సంఘంలో సభ్యత్వం: దరఖాస్తు నుంచి వల దాకా

ఊరి చెరువులో చేపలు పట్టే హక్కు ఎవరికీ విడిగా రాదు. చెరువును మత్స్య పారిశ్రామిక సహకార సంఘానికి లీజుకు ఇస్తారు, ఆ సంఘం సభ్యులు అందులో వల వేస్తారు. లీజు లెక్క ఫసలీ సంవత్సరం ప్రకారం, జూలై 1 నుంచి జూన్ 30 వరకు నడుస్తుంది. వరంగల్, హనుమకొండ, ములుగు జిల్లాల్లో పద్దెనిమిదేళ్లు నిండిన ముదిరాజ్, గంగపుత్ర యువకులు సభ్యత్వం కోసం ఎక్కడికి వెళ్లాలని అడుగుతూనే ఉంటారు. వారి కోసమే ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు ఊళ్లోనే పడాలి. సంఘం అధ్యక్షుడి పేరున దరఖాస్తు రాసి ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, వయసు, నివాసం తెలిపే పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ నకలు, ఫోటోలు జత చేయండి. అన్ని పత్రాల్లోనూ ఇంటిపేరు ఒకే అక్షరాలతో ఉందో లేదో ముందే చూసుకోండి. ఒకచోట పొడి అక్షరాలు, మరోచోట పూర్తి పేరు ఉన్నందుకే దరఖాస్తు నెలల తరబడి ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. సంఘం తీర్మానం చేశాక కాగితాలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్తాయి. చెరువు నీటి విస్తీర్ణం ఎంతో, ఇప్పటికే ఎంతమంది సభ్యులున్నారో అక్కడ చూస్తారు. సంఘం నెలల తరబడి పలకకపోతే జిల్లా మత్స్యశాఖ అధికారికి నేరుగా రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. అప్పుడు ఆ రసీదే మీకు ఆధారం.

ఆ తర్వాత నైపుణ్య పరీక్ష. శాఖ సిబ్బంది చెరువు గట్టుకే వస్తారు. ఈదమంటారు, వల విసరమంటారు, వలలో తెగిన కన్ను, అంటే గడి, అల్లి చూపమంటారు. విసురు వల అంచు తాడును పళ్లతో పట్టి, సగం వలను మోచేతి మీద వేసుకుని, నడుము తిప్పి వదిలితే అది గాలిలో పళ్లెంలా విచ్చుకోవాలి, సీసపు గుండ్లన్నీ ఒక్కసారే నీటిని తాకాలి. ఒక పక్క ముందుగా పడితే చేప రెండో పక్క నుంచి జారిపోతుంది. పట్నంలో చదువుకుని వచ్చిన పిల్లలు ఇక్కడే తడబడుతున్నారు. పరీక్షకు పది రోజుల ముందు నుంచి నాన్నతోనో, పెదనాన్నతోనో తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్లండి. ఇందులో నెగ్గితే ప్రవేశ రుసుం, వాటాధనం కట్టి సభ్యులుగా పేరు ఎక్కించుకోవచ్చు.

పరీక్షలో ఎవరూ అడగని సంగతి ఒకటుంది. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది అదే. మన చెరువుల్లో వదిలే బొచ్చె, రవ్వ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే నీరు కావాలి. ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలు ఇస్తున్నా, వదిలిన పిల్లను నాలుగు నెలలకే చిన్నకన్ను వలతో లాగేస్తే దాని చోటును నింపే పిల్ల ఆ ఏడాది మళ్లీ పుట్టదు. వేసవి దాకా ఆగితే ఆ పిల్లే కిలో చేప అవుతుంది. కాబట్టి వేలు దూరని కన్నున్న వలను చెరువులోకి రానివ్వమని సంఘంలో తీర్మానం చేయించండి.

ఇక కొర్రమీను మన రాష్ట్ర చేప. వానాకాలంలో నాచు పక్కన ఎర్రటి పిల్లల గుంపు ఒకటి నీటి పైకి తేలి మళ్లీ మునుగుతూ కనిపిస్తుంది. దాని కిందే తల్లి చేప, తండ్రి చేప కాపలా ఉంటాయి. ఆ గుంపును చూసి వల విసిరితే పెద్దది సులువుగా దొరుకుతుంది, నిజమే. కానీ కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలు ఆ పూటే తినేస్తాయి. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకే రోజుల్లో ఎదురెక్కే చేపలదీ అదే కథ, వాటి కడుపులో గుడ్లుంటాయి. ఆ కొద్ది వారాలు వదిలేయండి. నీళ్లలో విషపు మందు కలపడం, తూటాలు పేల్చడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరం. అలా పట్టేవారు కనిపిస్తే సభ్యుడిగా ఫిర్యాదు చేసే బాధ్యత మీదే.

సభ్యత్వం వచ్చాక మరో నమోదు మిగిలి ఉంటుంది. 2024లో మొదలైన జాతీయ మత్స్య డిజిటల్ వేదికలో ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరుతో పేరు నమోదు చేసుకోండి. సొంతంగా చేతకాకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో చేస్తారు. కేంద్రం నడిపే ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమాలోనూ పేరుందో లేదో సంఘంలో కనుక్కోండి. 18 నుంచి 70 ఏళ్ల మధ్య వారికి ఇది వర్తిస్తుంది, ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు 25 వేల రూపాయల వరకు వస్తాయి.

ఈ ఒక్క మాట ఇంట్లో ఆడవాళ్లకు కూడా తప్పక చెప్పి ఉంచండి. చెరువులో మునిగి ఎవరైనా చనిపోతే ఆ దుఃఖంలో చాలా కుటుంబాలు పోలీసు ఫిర్యాదు, పోస్టుమార్టం లేకుండానే అంత్యక్రియలు చేసేస్తాయి. ఆ రెండు కాగితాలు లేకపోతే బీమా సొమ్ము రావడం చాలా కష్టం. నామినీ పేరు, బ్యాంకు ఖాతా నంబరు సంఘం రికార్డులో సరిగ్గా ఉన్నాయో లేదో ఈ వారంలోనే వెళ్లి చూసుకోండి.