విదేశంలో మొబైల్ డేటా ఖర్చు తగ్గించుకున్న తీరు: నా అనుభవం

మొదటిసారి విదేశానికి వెళ్లినప్పుడు, విమానం దిగి ఫోన్ ఆన్ చేయగానే ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు నాకు తెలియకుండానే రోమింగ్ డేటాను వాడేశాయి. తిరిగి వచ్చాక బిల్లు చూసి నిజంగా బాధపడ్డాను.

రెండోసారి బయలుదేరే ముందే, వైఫై అందుబాటులో ఉండగా ఒక ట్రావెల్ ఈసిమ్ (ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అయ్యే ప్రయాణికుల సిమ్) కొని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పెట్టుకున్నాను. అంతకుముందు *#06# నొక్కితే ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐతో పాటు, ఈసిమ్ చిప్‌ను గుర్తించే ఈఐడీ అనే 32 అంకెల సంఖ్య కూడా కనిపించింది కనుక నా ఫోన్‌లో ఈసిమ్ పనిచేస్తుందని నిశ్చయించుకున్నాను. ఫోన్ ఒకే నెట్‌వర్క్‌కు లాక్ అయి ఉండకపోవడం కూడా అంతే ముఖ్యం.

అయినా అక్కడ దిగాక సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. పాత బిల్లు భయంతో రెండు సిమ్‌లకూ డేటా రోమింగ్ ఆపేయడమే అందుకు కారణం. ఇలాంటి ఈసిమ్‌లు చాలావరకు వేరే దేశపు సంస్థ జారీ చేసినవై, స్థానిక నెట్‌వర్క్ మీద రోమింగ్‌లోనే నడుస్తాయి కాబట్టి, వాటికి ఆ మీట ఆన్‌లో ఉండి తీరాలి. దానిని ఆన్ చేసి, ఖాళీగా ఉన్న ఏపీఎన్ (ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే ద్వారం పేరు) గడిలో ఈసిమ్ సంస్థ ఈమెయిల్‌లో పంపిన పేరును అక్షరం పొల్లుపోకుండా నింపి, ఫోన్ రీస్టార్ట్ చేయగానే డేటా వచ్చింది.

పాత సిమ్‌ను బ్యాంకు ఓటీపీల కోసం ఉంచుకున్నాను గానీ, దాని డేటా రోమింగ్‌ను, ఈసిమ్ సిగ్నల్ తగ్గితే డేటాను ఆ పాత సిమ్‌కు తనంతట తానే మార్చే సెట్టింగ్‌ను ఆపేశాను. చాలామంది గమనించనిది ఈ రెండోదే.